యాభై కాలిబర్ రైఫిలు మీద మోజు, దానిని ఇంట్లో ఉంచుకోవడంలోని కష్టం

ఆస్టిన్ ప్రవాసి:
సభ్యులందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో స్థిరపడి చాలాకాలమైంది, పౌరసత్వం కూడా వచ్చింది. గురిచూసి కొట్టడం నాకున్న ఒకే ఒక్క వ్యాపకం, ఇప్పటివరకు .308 రైఫిలుతోనే సంతృప్తిగా ఉన్నాను (ఆ అంకె కాలిబర్, అంటే సుమారుగా గొట్టం వ్యాసం, అంగుళాలలో). ఈ మధ్య ఊరికి దూరంగా పశువుల బీడు ఉన్న ఒక మిత్రుడు తన బారెట్ ఎం82ఏ1 అనే యాభై కాలిబర్ రైఫిలును నా చేతికిచ్చి కొన్ని తూటాలు పేల్చనిచ్చాడు. అప్పటినుంచి మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

తూటా పట్టుకున్నప్పుడే సగం మోహం మొదలైంది. ఆ రైఫిలు పేల్చే .50 బీఎంజీ (బ్రౌనింగ్ మెషిన్ గన్) తూటా పొడవు దాదాపు 138 మిల్లీమీటర్లు. దాని అడుగును మణికట్టు మీద ఆనించి అరచేతిలో పడుకోబెడితే మొన మధ్యవేలి నడిమి కణుపు దగ్గరికి వచ్చింది. బరువు 115 గ్రాములకు పైమాటే. నా .308లో గుండు, అంటే తూటాలోంచి బయటికి ఎగిరే భాగం, 11 గ్రాములైతే ఇందులో గుండు ఒక్కటే 42 గ్రాములు. రైఫిలును రెండు కాళ్ల మీద నిలబెట్టి, బట్ భుజానికి ఆనించి మీట నొక్కితే, నేను భయపడినట్లు అది భుజాన్ని కొట్టలేదు, ఒంటిని మొత్తంగా వెనక్కి నెట్టింది. భుజం కన్నా ముఖమే ఎక్కువగా అదిరింది. గొట్టం చివరి నుంచి పక్కలకు చిమ్మిన వాయువు నేల మీది దుమ్మునంతా లేపేసింది, అది సర్దుకునే దాకా లక్ష్యం కనిపించలేదు.

ఇప్పుడు దీనిని కొనాలా వద్దా అన్నది నా ప్రశ్న. కొనగలను, చట్టం కూడా అడ్డు రాదు. కానీ కొన్న తర్వాత దానితో నిజంగా ఏం చేస్తాను, ఎక్కడ పేలుస్తాను, ఎంతకాలం ఈ ఉత్సాహం నిలుస్తుంది అన్న ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. అనుభవం ఉన్నవారు, చరిత్ర తెలిసినవారు నిస్సంకోచంగా చెప్పండి.

గణితం మాస్టారు:
భుజాన్ని కొట్టలేదు, నెట్టింది అని మీరు సరిగ్గా గమనించారు. ఎందుకు అలా అనిపించిందో లెక్క వేసి చూద్దాం.

గుండు ముందుకు తీసుకుపోయే ద్రవ్యవేగానికి, మండిన మందు వాయువుగా మారి తీసుకుపోయే ద్రవ్యవేగాన్ని కలిపితే రైఫిలు వెనక్కి తెచ్చే ద్రవ్యవేగం వస్తుంది. .50 బీఎంజీలో 42 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 880 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, కనుక దాని వాటా సెకనుకు 37 కిలోగ్రామ్ మీటర్లు. మందు సుమారు 15 గ్రాములు, వాయువు వేగాన్ని ఉజ్జాయింపుగా సెకనుకు 1200 మీటర్లు అనుకుంటే మరో 18 చేరుతుంది. మొత్తం 55. బారెట్ బరువు దాదాపు 14 కిలోలు కాబట్టి అది సెకనుకు నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ వేగంతో వెనక్కి రావాలి. ఇప్పుడు మూడున్నర కిలోల, .30-06 అనే తూటా పేల్చే మామూలు వేట రైఫిలుకు ఇదే లెక్క వేయండి, వెనక్కి వచ్చే వేగం దాదాపు అంతే వస్తుంది! శక్తి మాత్రం నాలుగు రెట్లు. ఎం82లో గొట్టం చివర ఉండే మజిల్ బ్రేక్ అనే భాగం ఆ వాయువును పక్కలకు, వెనక్కి మళ్లించి కొంత తగ్గిస్తుంది, పేలినప్పుడల్లా గొట్టం కూడా లోపలికి జరిగి స్ప్రింగులను నొక్కుతుంది కాబట్టి మిగిలినది నెమ్మదిగా భుజానికి చేరుతుంది.

అదే .577 టిరనొసార్ అనే తూటాను తీసుకోండి. 1993లో ఏ-స్క్వేర్ సంస్థ ఆఫ్రికాలో ప్రమాదకరమైన జంతువుల వేటకు తోడువెళ్లే గైడ్ల కోసం దానిని తయారుచేసింది. ద్రవ్యవేగం .50 బీఎంజీకి చాలా దగ్గరలో, 50 ప్రాంతంలో ఉంటుంది, కాని రైఫిలు బరువు ఆరు కిలోలే. అంటే సెకనుకు ఎనిమిది మీటర్లకు పైబడిన వేగంతో వెనక్కి వస్తుంది. శక్తి 200 జౌల్స్ దాటుతుంది, .30-06 శక్తికి ఏడెనిమిది రెట్లు. ఆ రైఫిలు పేల్చి చేతిలోంచి జారవిడుచుకున్నవారి వీడియోలు చూసినవారికి కారణం ఈ లెక్కలో దొరుకుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. మోయడానికి వీలైన బరువు పెడితే పేల్చడానికి వీలుకాదు, పేల్చడానికి వీలైన బరువు పెడితే మోయడానికి వీలుకాదు. లోహం, నైపుణ్యం ఎంత మెరుగుపడినా ఈ లెక్క మారదు.

పాత తూటా:
మాస్టారు గారు చెప్పిన చిక్కు కొత్తది కాదు. పొగలేని మందు రాకముందు, నల్లమందు కాలంలో, గుండు వేగం పెంచే దారి లేకపోవడంతో ఏనుగును ఆపాలంటే గుండు బరువు పెంచడం ఒక్కటే మార్గంగా ఉండేది. అందుకే ఫోర్ బోర్ తుపాకులు వచ్చాయి. పౌను సీసంతో నాలుగే గుండ్లు వచ్చేటంత లావు గొట్టం, అంటే ఒక్కో గుండు 113 గ్రాములు, గొట్టం వ్యాసం అంగుళానికి కొంచెం ఎక్కువ. మీ యాభై కాలిబర్ గొట్టం అందులో సగమే.

సామ్యూల్ బేకర్ సింహళంలో భారీ తుపాకులతో ఏనుగులను వేటాడిన మనిషి. బలానికి, ధైర్యానికి లోటు లేదు. 1860ల తొలినాళ్లలో నైలు ఉపనదుల వెంట తిరుగుతున్నప్పుడు ఆయన దగ్గర అర పౌను బరువు పేలుడు గుండును పేల్చే రైఫిలు ఒకటి ఉండేది. తుపాకి బరువు తొమ్మిది కిలోలు, ఆ గుండుకు ఆ బరువు ఏ మూలకూ చాలదు. పేల్చినప్పుడల్లా అది తనను గిరగిరా తిప్పేసేదనీ, సొంత తుపాకికే తాను జంకేవాడిననీ బేకర్ స్వయంగా రాసుకున్నాడు.

ఇంగ్లండ్ వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్ 1871లో పంతొమ్మిదేళ్ల వయసులో దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టి, చౌకగా దొరికిన ఫోర్ బోర్ నాటుతుపాకులతో వేట మొదలుపెట్టాడు. వాటి బరువు ఆరు కిలోల లోపే. సంచిలోంచి పిడికిలితో మందు తీసి గొట్టంలో పోసేవాడు. ఆ తుపాకులు తన నరాలను దెబ్బతీశాయనీ, వాటి జోలికి వెళ్లకుండా ఉండవలసిందనీ తర్వాతి కాలంలో బాధపడ్డాడు. ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడైన పాల్ క్రూగర్‌కు ఎడమ చేతి బొటనవేలు లేకపోవడానికి కారణం కూడా ఇటువంటి తుపాకే. 1845లో ఖడ్గమృగాన్ని వేటాడుతుండగా అది చేతిలోనే పేలిపోయింది.

1898లో తుపాకుల తయారీదారు జాన్ రిగ్బీ పొగలేని మందుతో పనిచేసే .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను తెచ్చాడు. 31 గ్రాముల గుండు, సెకనుకు 655 మీటర్ల వేగం. ఆ తర్వాత కొద్దికాలానికే ఫోర్ బోర్, ఎయిట్ బోర్ తుపాకులు గోడలకెక్కాయి, ఎందుకంటే నాలుగోవంతు బరువున్న గుండు ఇంకా లోతుకు దిగుతోంది. అయినా మోజు తీరలేదు. 1900 ప్రాంతంలో .600 నైట్రో వచ్చింది, 1988లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ ఒక అమెరికా సేకర్త కోసం .700 నైట్రోను తయారుచేసింది. ఆ సంస్థ అప్పటికే చివరి .600 రైఫిలును చేసి ఇచ్చి, ఇక చేయబోమని మాట ఇచ్చి ఉండటంతో, ఆయన కోసం అంతకంటే పెద్దది పుట్టింది. గుండు 65 గ్రాములు, రైఫిలు ఎనిమిది కిలోలు, ఒక్కో తూటా ధర నూరు డాలర్లు. అప్పటికి వేటలో అంత పెద్ద తూటా అవసరం ఎవరికీ లేదు. అవసరం లేని చోట అంత గొప్ప పనితనం చూపించిన వస్తువును నేను తప్పుపట్టలేను.

టెన్నెసీ తెలుగు:
నా దగ్గర సింగిల్ షాట్, అంటే ఒక్కో తూటా విడిగా పెట్టి పేల్చే, యాభై కాలిబర్ రైఫిలు ఉంది కాబట్టి రోజువారీ విషయాలు రాస్తాను.

మొదటి సమస్య స్థలం. ఇండోర్ రేంజిలలో దాదాపు ఎక్కడా రానివ్వరు. బయటి రేంజిలలో చాలా వాటి నియమాల బోర్డు మీదే యాభై కాలిబర్ నిషేధమని రాసి ఉంటుంది, కారణం మట్టికట్టల ఎత్తు, ఉక్కు లక్ష్యాల మందం, పక్కవారి ఇబ్బంది. మేము వెళ్లే ఒక రేంజిలో రెండేళ్లు అనుమతించి, పక్క బెంచీలవారి ఫిర్యాదులతో ఆపేశారు. వారిని తప్పుపట్టలేను. మజిల్ బ్రేక్ నా భుజాన్ని కాపాడినంతగా పక్కవాడిని బాధపెడుతుంది, కాగితాలు, తూటాల పెట్టెల మూతలు ఎగిరిపోతాయి. ఇప్పుడు నేను పేల్చాలంటే రెండు గంటలు కారు నడపాలి.

రెండవది ఖర్చు. సింగిల్ షాట్ రైఫిళ్లు కొన్ని వేల డాలర్లకు దొరుకుతాయి, ఎం82ఏ1 తొమ్మిది వేల చుట్టూ ఉంటుంది. ఆ దెబ్బలకు తట్టుకునే స్కోపుకు మరో రెండు వేలు పెట్టాలి. తూటాలు మామూలువి మూడు నాలుగు డాలర్లకు తక్కువ దొరకవు, పోటీ స్థాయివి ఆరు నుంచి పది దాకా పలుకుతాయి. పోయినవారం నేనే మందు నింపి కట్టుకున్న చిన్న పెట్టెడు తూటాలు ఒక ఉదయంలోనే అయిపోయాయి, అదే డబ్బుతో .22 రైఫిలులో నెలల తరబడి సాధన చేయవచ్చు.

మూడవది అందరూ మరచిపోయేది, శుభ్రపరచడం, దాచడం. సాధారణ తుపాకుల బీరువాలో మీటరున్నర పొడవు వస్తువు నిలబడదు. ఇంట్లో పిల్లలుంటే గొట్టం ఒకచోట, బోల్టు (గొట్టం వెనుక తూటాను బిగించే భాగం) మరొకచోట తాళంలో పెట్టవలసి వస్తుంది.

మా రాష్ట్రంలో దీని మీద అభిమానం ఎంత అంటే, 2016లో శాసనసభ బారెట్ ఎం82ను రాష్ట్ర అధికారిక రైఫిలుగా ప్రకటించింది. రానీ బారెట్ మర్ఫ్రీస్‌బరోలో ఫొటోగ్రాఫరు, తుపాకుల తయారీలో చదువూ శిక్షణా లేని మనిషి, 1982 నాటికి గ్యారేజీలో మొదటి నమూనా చేశాడు. 1989లో స్వీడన్ సైన్యం కొన్నది, ఆ తర్వాత గల్ఫ్ యుద్ధానికి అమెరికా సేన తీసుకున్నది. ఆ కథ తెలిసిన ఎవరికైనా ఆ రైఫిలు మీద గౌరవం కలుగుతుంది. గౌరవం కలగడానికి కొనడం తప్పనిసరి కాదు అని మాత్రమే నా మాట.

నల్లమల బాటసారి:
పాత తూటా గారు వేట చరిత్ర తెచ్చారు కాబట్టి దాని మరో ముఖాన్ని నేను చెప్పాలి. డబ్ల్యూ.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపిన వేటగాడు, ఆ సంఖ్య తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది. ఆయన ఎక్కువగా వాడినది .275 రిగ్బీ. దాని గుండు 11 గ్రాములే, అంటే ఆస్టిన్ ప్రవాసి గారి .308 అంత. ఏనుగు పుర్రెలను కోయించి మెదడు ఎక్కడుంటుందో తెలుసుకుని, ఏ కోణం నుంచి చూసినా అక్కడికే గురిపెట్టడం నేర్చుకున్నాడు. జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది కూడా .275 రిగ్బీతోనే. చంపావత్ పులిని చంపినందుకు ఆయనకు బహుమతిగా వచ్చిన తుపాకి అది.

మన వైపు అడవులనే తీసుకోండి. వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చిత్తూరు జిల్లా చామల లోయలోనూ, తిరుపతి దగ్గరి మామండూరులోనూ, నంద్యాల, గిద్దలూరు మధ్య రైలుదారి పక్కనున్న చెలమలోనూ తిరిగినప్పుడు చేతిలో ఉన్నది .405 వించెస్టర్. పొద్దుపోయాక నడవడానికీ, చెట్టెక్కడానికీ, మచాన్ (చెట్టు మీది మంచె) మీద రాత్రంతా కదలకుండా కూర్చోవడానికీ వీలైన తుపాకి. ఎనిమిది కిలోల రెండు గొట్టాల రైఫిలుతో నల్లమల చరియలు ఎక్కగలిగేవారు ఎవరో నాకు తెలియదు. ఆ అడవులను కాలినడకన చూసినవాడిగా చెబుతున్నాను.

భారీ తుపాకుల మోజుకు మన దేశంతో మరో సంబంధం ఉంది. 1907 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం .450 కాలిబర్ తుపాకులను, తూటాలను భారతదేశానికీ సూడాన్‌కూ తీసుకురావడాన్ని నిషేధించింది. మార్టిని హెన్రీ సైనిక రైఫిలుది అదే కాలిబర్ కనుక, తిరుగుబాటుదారుల చేతికి గుండ్లు చిక్కుతాయన్న భయం. ఆ నిషేధాన్ని తప్పించుకోవడానికే ఇంగ్లండ్ తుపాకుల కంపెనీలు .465, .470, .475, .476 అంటూ దాని పక్కపక్కనే కొత్త కొలతలు పుట్టించాయి. మన సంస్థానాల రాజుల, జమీందారుల తుపాకుల గదులకు చేరినవాటిలో అవి చాలా ఉన్నాయి. పెద్ద జంతువును ఆపడానికి ఆ పదో పరకో పాయింట్ల తేడా ఏ ఉపకారమూ చేయలేదు.

ఆస్టిన్ ప్రవాసి:
బాటసారి గారికి ధన్యవాదాలు. వేట నా ఉద్దేశం కాదని స్పష్టం చేస్తున్నాను, ఏ ప్రాణినీ కొట్టే ఆలోచన నాకు లేదు. నాకు ఆసక్తి దూరం మీద. వెయ్యి గజాలు దాటి, వీలైతే మైలు దాకా, ఉక్కు పలక మీద గుండు తగిలిన చప్పుడు తిరిగి వచ్చే దాకా నిశ్చలంగా పడుకుని వినాలని కోరిక. దానికి యాభై కాలిబర్ సరైనదేనా?

దూరపు గురి:
దూరమే లక్ష్యమైతే, అభిమానులు నొచ్చుకున్నా సరే, యాభై కాలిబర్ నేటికి ఉత్తమమైన ఎంపిక కాదు.

జాన్ బ్రౌనింగ్ మొదటి ప్రపంచ యుద్ధం చివరలో ఈ తూటాను మెషిన్ గన్ కోసం రూపొందించాడు. మార్కెట్లో చౌకగా దొరికే తూటాలు నేటికీ మెషిన్ గన్ ప్రమాణాలకే చేసినవి. ఎం82 సగం స్వయంచాలకం, గొట్టం కదిలే నిర్మాణం, కనుక వంద గజాలకు గుండ్లు రెండు మూడు అంగుళాల మేర చెదరడం సహజం. అదే చెదురు మైలు దూరంలో మూడు నాలుగు అడుగులవుతుంది. బారెట్‌ను సైన్యాలు కొన్నది నిలిపి ఉంచిన విమానాలు, రాడార్లు, లారీల ఇంజన్లు, పేలని బాంబులను దూరం నుంచి చెడగొట్టడానికి. అటువంటి లక్ష్యానికి ఆ చెదురు చాలు, మనిషి చేయి వెడల్పు ఉక్కు పలకకు చాలదు.

మంచి బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించే) రైఫిలు, మంచి తూటాలు ఉంటే సంగతి వేరు. 2002లో అఫ్ఘానిస్తాన్‌లో కెనడా సైనికుడు రాబ్ ఫర్లాంగ్ 2,430 మీటర్ల దూరంలో కొట్టినది యాభై కాలిబర్ మెక్‌మిలన్ రైఫిలుతోనే. 2017లో ఇరాక్‌లో మరో కెనడా సైనికుడు 3,540 మీటర్ల దూరం నుంచి కొట్టినదీ అదే రకం, గుండు గాలిలో దాదాపు పది సెకన్లు ఉన్నదని వార్తలు వచ్చాయి. కానీ ఆ రెండింటి మధ్య 2009లో బ్రిటిష్ సైనికుడు క్రెయిగ్ హారిసన్ 2,475 మీటర్లు కొట్టినది .338 లాపువాతో. దాని గుండు 16 గ్రాములు, రైఫిలు బరువు దాదాపు సగం. ఇప్పుడు రెండు మైళ్ల పోటీలలో .375, .416 కాలిబర్ సన్నని పొడవాటి గుండ్లదే పైచేయి. గాలిని చీల్చుకుపోయే ఆకారం, ప్రతి గుండూ ఒకేలా ఉండటం, ఈ రెండూ లావు కన్నా ముఖ్యం.

మీ .308తోనే వెయ్యి గజాలు నేర్చుకోవచ్చు. గాలివాటం చదవడం ఆ తూటా బాగా నేర్పుతుంది, ఎందుకంటే గాలికి అది త్వరగా లొంగుతుంది.

టెన్నెసీ తెలుగు:
దూరపు గురి గారితో అంగీకరిస్తూ ఒక సవరణ. ఫిఫ్టీ కాలిబర్ షూటర్స్ అసోసియేషన్ అనే సంఘం 1985 నుంచి వెయ్యి గజాల పోటీలు నడుపుతోంది. వారి బరువైన రైఫిళ్లు, చేత్తో కొలిచి కట్టుకున్న తూటాలు చూపించే కచ్చితత్వం మెషిన్ గన్ తూటాలతో పోల్చదగినది కాదు. యాభై కాలిబర్ చెడ్డదని కాదు, దానిని అక్కడికి తీసుకురావడానికి పడే శ్రమ చిన్న కాలిబర్లకు అవసరం లేదు.

మాజీ జవాను:
సైన్యం కోణం నుంచి కొన్ని మాటలు. ఇంత పెద్ద రైఫిళ్లు మొదట వచ్చింది ట్యాంకుల కోసం. 1918లో జర్మనీ 13.2 మిల్లీమీటర్ల మౌజర్ టీ-గెవేర్‌ను తెచ్చింది. స్ప్రింగు లేదు, బ్రేక్ లేదు, ఒక్కో తూటా చేత్తో పెట్టాలి. ఇద్దరు మనుషుల దళం దానిని మోసేది, వరుసగా కొన్ని పేల్చేసరికి మనిషి మారవలసి వచ్చేది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఫిన్లాండ్ వాడిన లాతి ఎల్-39ది 20 మిల్లీమీటర్ల గొట్టం, బరువు యాభై కిలోల దరిదాపు. ట్యాంకుల కవచం మందం పెరగడంతో ఆ తుపాకులన్నీ కొన్నేళ్లలోనే పక్కకు తప్పుకున్నాయి.

మన దేశంలో తిరుచ్చి ఆయుధ కర్మాగారంలో తయారయ్యే విధ్వంసక్ ఉంది. గొట్టం, బోల్టు, మేగజీను, స్కోపు మార్చి 12.7, 14.5, 20 మిల్లీమీటర్ల తూటాలను పేల్చవచ్చు, సరిహద్దు భద్రతా దళం వాడుతోంది. దాని 12.7 తూటా అమెరికా వారిది కాదు, కేసు (మందు నింపే లోహపు గుల్ల) పొడవు 108 మిల్లీమీటర్లుండే సోవియట్ రకం, మన మెషిన్ గన్లదీ అదే. రైఫిలు బరువు పాతిక కిలోల పైన ఉంటుంది, విడదీసి ఇద్దరు మోయాలి. నేను భారీ మెషిన్ గన్ మోసిన దళంలో పనిచేశాను. ఆ బరువును పంచుకోవడానికి పక్కన మనిషి ఉంటాడు, తూటాలు మోయడానికి మరొకరు, ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఇంకొకరు ఉంటారు. ఒంటరి మనిషి ఇంటికి తెచ్చుకున్నప్పుడు ఆ రైఫిలు మారదు, ఆ మనుషులు మాత్రం ఉండరు. సొంతదారులు రెండేళ్లలో విసిగిపోవడానికి నాకు కనిపించే కారణం అదే.

చెవి ముక్కు గొంతు:
వృత్తిరీత్యా ఒక హెచ్చరిక చేస్తాను. 140 డెసిబెల్స్ దాటిన క్షణికమైన పేలుడు శబ్దం ఒక్కసారికే వినికిడికి శాశ్వత నష్టం చేయగలదు. మజిల్ బ్రేక్ ఉన్న యాభై కాలిబర్ పేలినప్పుడు పేల్చేవాడి చెవి దగ్గర శబ్దం దానిని బాగా మించిపోతుంది. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు, వాటిపైన చెవి కప్పులు, రెండూ కలిపి వాడాలి, ఒకటి సరిపోదు. పక్కన నిలబడి ఫోనులో వీడియో తీసే మిత్రులకు కూడా ఇదే వర్తిస్తుంది, బ్రేక్ మళ్లించిన వాయువు వారి వైపే వస్తుంది. చెవిలో ఆగని గుయ్ మనే శబ్దంతో నా దగ్గరికి వచ్చేవారికి నేను ఇవ్వగలిగిన మందు లేదు.

పాత సైనిక తూటాల విషయంలో జాగ్రత్త ఇంకా ముఖ్యం. 2021లో కెంటకీకి చెందిన ఒక యూట్యూబర్ పాత కవచభేదక తూటాలు పేలుస్తుండగా ఒక తూటా ఒత్తిడికి సింగిల్ షాట్ రైఫిలు మూత ఊడి వెనక్కి వచ్చింది. మెడలో సిర తెగింది, ఊపిరితిత్తి దెబ్బతింది, కంటి గూటి ఎముక విరిగింది. తండ్రి పక్కనే ఉండటంతో, గాయాన్ని వేలితో అదిమిపెట్టి వెంటనే వైద్యం అందేలా చూడటంతో ప్రాణం దక్కింది. ఇంత ఒత్తిడిని ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుంటున్నామన్న ఎరుక ఉండాలి. ఎవరు చేశారో, ఎలా నిలువ ఉంచారో తెలియని తూటాను చౌకగా వచ్చిందని గొట్టంలో పెట్టకండి.

చట్టం చదివినవాడు:
ఆస్టిన్ ప్రవాసి గారికి ఇబ్బంది లేదు గాని, ఇది చదివే కొత్తవారి కోసం రాస్తున్నాను. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారికి అమెరికా ఫెడరల్ చట్టం తుపాకి కలిగి ఉండటాన్ని నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులున్నాయి. మిత్రుడి తుపాకిని సరదాగా చేతిలోకి తీసుకున్నా అది కలిగి ఉండటం కిందికి రావచ్చు. దాని పర్యవసానం వీసా మీద పడుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

గొట్టం వ్యాసం అర అంగుళం దాటితే 1968 చట్టం దానిని విధ్వంసక ఆయుధంగా చూస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. .50 బీఎంజీ సరిగ్గా ఆ గీత లోపల నిలుస్తుంది. .577, .600, .700 వేట రైఫిళ్లకు క్రీడా ప్రయోజనం కింద మినహాయింపు దొరికింది. ఆ చట్టానికి ముందు 20 మిల్లీమీటర్ల లాతి రైఫిళ్లను పత్రికలో ప్రకటన చూసి తపాలాలో తెప్పించుకోవడానికి వీలుండేది. 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో దొంగలు అటువంటి తుపాకితో ఒక నగదు ఖజానా గోడను ఛేదించారు. కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి 2005 నుంచి .50 బీఎంజీని నిషేధించింది, ఇలినాయ్ 2023లో అదే దారి పట్టింది. కాలిఫోర్నియా నిషేధం తర్వాత .416 బారెట్ వచ్చింది, దూరపు గురి గారు మెచ్చుకున్న తూటా అదే. 1907 నాటి .470 కథ మళ్లీ జరిగింది.

భారతదేశంలో పౌరులకు ఈ ప్రశ్న తలెత్తదు. సైనిక తూటాలు పేల్చే తుపాకులు నిషిద్ధ బోర్ కింద ఉంటాయి. మన ఆయుధ కర్మాగారాలు పౌరులకు .315 రైఫిలు తయారుచేయడానికి కారణం కూడా సైన్యపు .303 తూటా అందులో పట్టకూడదన్నదే. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అవసరం పోయింది, 2019 సవరణతో ఒక లైసెన్సుదారు రెండు తుపాకులకు మించి ఉంచుకోరాదు.

పాత తూటా:
అందరూ కష్టాలు చెప్పారు, అవన్నీ నిజమే. అయినా ప్రవాసి గారి పక్షాన ఒక్కరైనా నిలబడాలి.

ఉపయోగం ఒక్కటే కొలబద్ద అయితే మన ఊళ్ల రథశాలల్లో రథాలను ఉంచకూడదు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క వీధిలో కదిలే వస్తువు కోసం అంత కలప, అంత చెక్కడం, అంత సంరక్షణ దేనికి? పెద్ద వస్తువును పెద్దదిగా ఉన్నందుకే గౌరవించే గుణం మనిషిలో ఉంది. ఎం82 గొట్టం వెనక్కి జరిగి, స్ప్రింగులు నొక్కుకుని, కేసు బయటకు దూకి, కొత్త తూటా లోపలికి వెళ్లే క్రమాన్ని నెమ్మదిగా చేత్తో లాగి చూసినవారికి అర్థమవుతుంది, అది ఆలోచన గల మనిషి చేసిన యంత్రం. రెండేళ్లకొకసారి పేల్చినా, మిగతా రోజుల్లో నూనె రాసి తుడిచి పెట్టినా, దానిని ఉంచుకోవడం వృథా అని నేను ఒప్పుకోను. ఎవరికీ హాని చేయకుండా, అప్పు చేయకుండా, తాళం వేసి ఉంచగలిగితే చాలు.

నల్లమల బాటసారి:
పాత తూటా గారి ఆరాధనను గౌరవిస్తాను గాని, రథాన్ని ఊరంతా కలిసి లాగుతుంది. తాళం వేసిన బీరువాలోని రైఫిలును చూసేది ఒక్కరే. మ్యూజియంలో ఉంటే అందరూ చూస్తారు, పేల్చే సరదా పోటీలలో తీరుతుంది.

గణితం మాస్టారు:
ఒక చిన్న చేర్పు. పేల్చేవాడి ఉలికిపాటు గురించి ఎవరూ రాయలేదు. భారీ తుపాకితో మొదలుపెట్టినవారికి మీట నొక్కే క్షణంలో కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది, సెలూస్ బాధపడింది దాని గురించే కావచ్చు. ఆ అలవాటు చిన్న రైఫిలులోకి కూడా వెంట వస్తుంది. మీకు తెలియకుండా తూటాల మధ్యలో ఒక ఖాళీ కేసును వేరొకరి చేత పెట్టించి చూడండి, అది పేలనప్పుడు కూడా గొట్టం కదిలితే ఆ రోజుకు ఆపేయండి.

ఆస్టిన్ ప్రవాసి:
అందరికీ కృతజ్ఞతలు. చదివిన తర్వాత నా ఆలోచన కొంత స్పష్టమైంది. ఎం82 కొనను, దాని కచ్చితత్వం నేను కోరే పనికి చాలదు. .308తో వెయ్యి గజాలు పూర్తిగా నేర్చుకుని, ఆ తర్వాత .338 సంగతి చూస్తాను. కాని యాభై కాలిబర్ మీద ఇష్టం పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. టెన్నెసీ తెలుగు గారూ, మీరు చెప్పిన సంఘం పోటీలకు ప్రేక్షకుడిగా రావచ్చా? అక్కడి సభ్యులు బయటివారిని తమ రైఫిలుతో పేల్చనిస్తారా?

టెన్నెసీ తెలుగు:
తప్పకుండా రండి. మేము వెళ్లే పోటీల వద్ద ప్రేక్షకులను ఆదరంగా చూస్తారు, విరామ సమయంలో రేంజి అధికారి అనుమతిస్తే చాలామంది తమ రైఫిలు వెనుక కూర్చోబెడతారు. తూటా ఖర్చు మీరే ఇవ్వడం మర్యాద. వరుసకు సూటిగా వెనుక నిలబడండి, పక్కలకు పోవద్దు. ప్లగ్గులు, చెవి కప్పులు రెండూ తెచ్చుకోండి, కళ్లద్దాలు తప్పనిసరి, నేల మీద పరచుకోవడానికి మందపాటి చాప ఉంటే మంచిది. వసంతకాలపు పోటీ తేదీలు రాగానే మీకు సందేశం పంపుతాను, గాలి తక్కువగా ఉండే ఉదయం వంతుకే వచ్చేలా బయలుదేరండి.